ఇంటియందు విధేయత



ఈ సంచిక మీ చేతికి వచ్చునప్పటికి పరీక్షలు ముగిసి, మీలో అనేకులు పెట్టెలు సర్దుకొని స్వగ్రామములకు పోవుటకు సిద్ధముగా నుందురు. ఇచ్చట హాస్టలులో ఉదయ ప్రార్థనకు గంట మ్రోగును; ఇంటియొద్ద గంట మ్రోగదు. ఇచ్చట వాక్యము చదువుడని చెప్పుటకు ఉపాధ్యాయుడు కలడు. అచ్చట చెప్పువారు ఉండకపోవచ్చును. కావున బడిలో వ్రాసిన పరీక్షకంటె ఇంటిలో మనకొఱకు కాచుకొనియున్న పరీక్ష కఠినమైనది. దానినిగూర్చి యీ పాఠమున కొంత విచారింతము.

పాఠ్యభాగము: మార్కు సువార్త 5వ అధ్యాయము, 1 మొదలు 20 వచనములు.

సమాధులలో నివసించుచు, సంకెళ్లకును లొంగని యొక మనుష్యుని ప్రభువు స్వస్థపరచెను. అతడు ప్రభువుతోకూడ నుండుటకు సెలవిమ్మని బతిమాలుకొనెను. కోరిక మంచిదే. అయినను ప్రభువు దాని నంగీకరింపక, అతనిని స్వజనులయొద్దకే పంపివేసెను. ఏల? అతని పూర్వపు నడత నెఱిగినవారు వారే. రాత్రింబగళ్లు అతని కేకలు విన్నవారు వారే. అతని మార్పు నిజమో కాదో తేల్చగలవారును వారే. క్రొత్త యూరిలో మాటనేర్పు చాలును. ఇంటిలో మాట చెల్లవలెనన్న నడత కావలెను. ప్రభువు సహితము బోధింప నారంభించుటకు ముందు దాదాపు ముప్పది యేండ్లు గృహజీవితము గడపెను; నజరేతులో తల్లిదండ్రులకు లోబడియుండెనని లూకా వ్రాసియున్నాడు.

ఇందుకు దృష్టాంతము వెదకుటకు మనము దూరదేశము పోనక్కరలేదు. ఒంగోలు మిషను చరిత్రలో 1878వ సంవత్సరము జూలై 3వ తేదీని గూర్చి పెద్దలు చెప్పగా మీరు వినియుందురు. ఆ దినమున వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య లోకమంతట ప్రసిద్ధి కెక్కెను. కాని దానికి పండ్రెండేండ్లు ముందుగా ఒక యింటిలో మొదలైన విధేయతను తలచువారు తక్కువ.

ఒంగోలునకు నలువది మైళ్ల దూరముననున్న తాళ్లకొండపాడు గ్రామమున ఎర్రగుంట్ల పేరయ్య యను తోళ్ల వర్తకుడుండెను. ఆయన మాదిగ కులస్థుడు; దేవుని వెదకుచు కొంతకాలము యోగమార్గము నభ్యసించినవాడు. వర్తకముకొఱకు ఉత్తరదిక్కున ప్రయాణమై పోయినప్పుడు ఏలూరు మిషనరీయగు అలెగ్జాండరు దొరగారివలన సువార్త వినెను. 1866లో ఆయనయు, భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందిరి. పిమ్మట ఆయన దొరల బంగళాలో ఆశ్రయము కోరి నిలిచిపోలేదు. తన యింటికి, తనవారియొద్దకు, తిరిగిపోయెను. చుట్టుప్రక్కల పల్లెలలోని బంధువులకు తాను తెలిసికొన్నది చెప్పెను. 1867 జనవరిలో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు తాళ్లకొండపాడు వచ్చి కొన్నిదినములు బోధించినప్పుడు 28 మంది బాప్తిస్మము పొందిరి. పొలము అదివరకే దున్నబడి యుండెను, దున్నినవాడు పేరయ్య.

అట్లు చేరినవారికి మూడు నియమము లేర్పడెను. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. ఇవి చదువుటకు సులభములు. ఆచరించుట యెట్టిదో ఆలోచింపుడు. ఆనాటి మాదిగలు మోటబానలు, చెప్పులు కుట్టి, పొలముపని చేసి, కోతకాలమున రైతులు కొలిచిన ధాన్యముతో జీవించిరి. ఆదివారము పని మానినచో రైతునకు కోపము వచ్చును. కోపము వచ్చినచో గింజలు రావు. చచ్చిన పశువు వారికి గ్రామమిచ్చిన హక్కు. గింజలు లేనినాడు పిల్లల ఆకలి తీర్చినది అదియే. గ్రామదేవత కొలుపులలో డప్పు వాయించుట వారి విధి. వాయింపనన్నవాడు ఊరివారందరికి విరోధి యగును. కాబట్టి ఆ మూడు నియమములును గుడిలో గాక ఇంటిలోనే, పొయ్యిమీది కుండయొద్దనే, పరీక్షింపబడెను. ఆ పరీక్షలో పురుషునకంటె కుండ దింపి వడ్డించు తల్లికే భారము హెచ్చు. నాగమ్మవంటి స్త్రీలు నిలువకున్నచో ఆ నియమములు కాగితముమీదనే నిలిచియుండెడివి.

తరువాత 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించిరి. ఆ కాలమున అనేకులు బాప్తిస్మ మడిగినను, అన్నముకొఱకు వచ్చుచున్నారను సందేహమునకు ఎడమీయక, సహాయము ముగియువరకు ఇయ్యలేదు. అడిగినవారు ఇండ్లకు పోయి కనిపెట్టుకొనియుండిరి. గుండ్లకమ్మ యొడ్డున నిలిచినవారు అట్లు వేచియుండినవారు.

విద్యార్థులారా, మన నియమము లేవి? మూడు చెప్పెదను.

మొదటిది, తూకము. మన సీమలో పత్తియు మిరపయు ఇంటికి అన్నము పెట్టును. కళ్లములో మిరపకాయ లెండిన పిమ్మట, టిక్కీలకు ఎత్తకముందు, బరువు పెరుగుటకై నీళ్లు చల్లువారు కలరు. మంచికాయ నడుమ తాలుకాయ కలుపువారును కలరు. కౌలును, పురుగుమందుల బాకీయు మీదపడగా తండ్రి యొకనాడు, “అబ్బాయీ, బిందె తెమ్ము” అనెననుకొందము. అప్పుడేమి చేయవలెను? తండ్రికి ఎదురుతిరిగి ప్రసంగము చేయుట విధేయత కాదు. మాటాడక బిందె తెచ్చుటయు విధేయత కాదు. “నాయనా, ఈ పని నాచేత కాదు. నీళ్లు చల్లినకాయ బూజుపట్టి కొన్నవాని యింటిలో పాడగును. కాని యీ రాత్రి కళ్లమునకు నేను కాపలా పరుందును, తెల్లవారి తాలుకాయ నేనే యేరెదను” అని చెప్పవలెను. దేవునికొఱకు ఒక పని మానినవాడు ఇంటికొఱకు రెండు పనులు చేసి చూపవలెను. అప్పుడు తండ్రికి కోపము వచ్చినను, కుమారుడు సోమరియని మాత్రము అనలేడు.

రెండవది, మాట. బాకీవాడు వాకిట నిలిచినప్పుడు, “నాయన ఇంట లేడని చెప్పుము” అని పిల్లవానిని పంపు తల్లిదండ్రులారా, ఇది మీకు. ఆ యొక్క మాటతో మీరు బాకీవానిని ఒకదినము తప్పించుకొందురు. బిడ్డకు మాత్రము జన్మమంతటికి పాఠము నేర్పుదురు. బీదతనము సిగ్గు కాదు. “పంట అమ్మిన వెంటనే కొంత యిచ్చెదను” అని ఎదుట నిలిచి చెప్పిన తండ్రిని బిడ్డ మఱవడు.

మూడవది, పని. చదువు నేర్చి యింటికి వచ్చి, పత్తి యేరి వచ్చిన తల్లిచేత నీళ్లు తెప్పించుకొను కుమారుని ప్రార్థన యెంత దీర్ఘమైనను ఫలమేమి? చెల్లెలు అంట్లు తోముచుండగా అన్న మంచముపై పరుండి వాక్యము చదివినచో, ఆమెకు ఆ వాక్యముమీద గౌరవ మెట్లు కలుగును? తండ్రి చేతులు మిరపఘాటుకు మండుచున్నను మీ ఫీజు కట్టెను. స్నేహితుల యెదుట ఆ చేతులను చూచి సిగ్గుపడకుడు.

ఇండ్లలో మీరొక్కరే ప్రార్థించువారై యుండవచ్చును. ధైర్యము విడువకుడు. తిమోతి విశ్వాసమునకు పునాది వేసినవారు అవ్వయగు లోయియు తల్లియగు యునీకేయు. వారు ప్రసంగములు చేసినట్లు వ్రాయబడలేదు, ఇంటిలో నమ్మకముగా నుండిరని మాత్రమే తెలియుచున్నది. ఉపాధ్యాయులమగు మాకును ఇదియే కొలత. తరగతిలో మేము చెప్పిన పాఠము మా యింటివారి యెదుట నిలుచునా యని మేమును ప్రశ్నించుకొనవలెను.

సెలవుల యనంతరము మీరు తిరిగివచ్చినప్పుడు, ఎన్ని అధ్యాయములు చదివితిరని మేమడుగము. మీ తల్లి మిమ్మును సాగనంపునప్పుడు ఏమనెనో అడుగుదుము. “వీడున్న నెలదినములు ఇల్లు తేలికగా నుండినది” అని ఆమె అనినచో, మీరు పరీక్షలో తేరినట్లే. దేవుడు మీ ప్రయాణమును, మీ యిండ్లను, మీ కళ్లములను ఆశీర్వదించును గాక.