సంఘములో దీర్ఘశాంతము

(ధ్యానమునకు: ఎఫెసీ 4:1–3, యాకోబు 5:7, 8)



మన తల్లాడకు ఈశాన్యమున, భద్రాచలపు అడవులలో, ఎండలు ముదురు దినములలో ఇప్పపువ్వు రాలును. కోయవారు తెల్లవారుజామున బుట్టలతో పోయి, రాత్రి రాలిన పువ్వును ఏరుకొందురు. మొగ్గను తెంపి తెచ్చిన వానికి లాభమేమి? యాకోబు భక్తుడు వానల కొరకు కనిపెట్టు వ్యవసాయకుని చూపించినది ఇందుకే.

పొలములో ఇంత ఓర్పుగల మనము సంఘములో తొందరపడుదుము. మందిర స్థలమును గూర్చి భేదము వచ్చినచో చేతులెత్తించి లెక్కించి, తక్కువైనవారి నోరు మూయించెదము. చందా ఇయ్యనివారి పేర్లు ఆరాధనలో చదివెదము. ఆ కుటుంబములు మరుసటి ఆదివారము రావు. గోడలు లేచును గాని లోపల కూర్చుండువారు తగ్గుదురు.

మన దోర్నకల్ అధ్యక్ష మండలమునకు 1912లో బిషప్పుగా అభిషేకింపబడిన అజరయ్యగారు, ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు. సంఘములు ఏకము కావలెనని 1919లో తరంగంబాడిలో కూడినవారిలో ఆయన ముఖ్యులు. దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది 1947 సెప్టెంబరు 27న. నడుమ 28 ఏండ్లు గడిచినవి. అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. ఆ దినమును చూడలేదు.

ఇంత ఆలస్యమునకు పెద్ద చిక్కు గురుత్వమును గూర్చినది. బిషప్పుల హస్తనిక్షేపణము పొందని మెథడిస్టు, ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనల్ గురువులను ఆంగ్లికను విశ్వాసులు అంగీకరించుట ఎట్లు? ఎక్కువమంది మాటను తక్కువమందిపై మోపవచ్చును గదా! వారు అట్లు చేయలేదు. ఏ సంఘముపైనను దాని మనస్సాక్షికి విరోధముగా గురువును గాని ఆరాధన క్రమమును గాని మోపమని మాట ఇచ్చి, 30 ఏండ్ల గడువు ఉంచుకొనిరి. అయినను నంద్యాల ప్రాంతపు ఆంగ్లికను విశ్వాసులలో అనేకులు 1947లో చేరలేదు. అది బాధయే. ఆ బాధను సహించుటయు ఐక్యతకు చెల్లించు వెలలోనిదే అని మా తలంపు.

ఓర్పు అనగా ఊరకుండుట కాదు. ఆ 28 ఏండ్లును పెద్దలు మరల మరల కూడి వాదించిరి, ప్రార్థించిరి. మరియు, సంఘపు సొమ్ము లెక్క అడిగినవానికి “ఓర్చుకొనుము” అనుట దీర్ఘశాంతము కాదు, అది దాచుట. బలముగలవాడు బలహీనునికి బోధించు ఓర్పును మేము నమ్మము.

కనుక కమిటీలో భేదము వచ్చినప్పుడు ఆ సంగతిని ఒక నెల ఆపుడి. ఇద్దరు పెద్దలు చందా పుస్తకము లేకుండ, ఒప్పుకొననివారి యింటికి పోయి, వారు పెట్టినది తిని, వారి మాట కడవరకు వినుడి. ఆ నెలంతయు ఆ సంగతిని అరుగులమీద ఎత్తకుడి. మనలో కొందరికి స్థలమును వదలుకొనుటకంటె ఇదియే కష్టము.