పోటీ పరీక్షల ప్రత్యేకం: కణత్వచమున లిపిడ్లు, ప్రోటీన్లు

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షముతో సరిపెట్టుకొను అనంతపురము పీఠభూమిలో వేరుశనగ మొక్క బెట్టకు ఓర్చుట కణత్వచపు పటుత్వముపై కొంత ఆధారపడియుండును. 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన ద్రవ మొజాయిక్ నమూనా ననుసరించి, ఫాస్ఫోలిపిడ్ల జలాకర్షక శిరములు వెలుపలికిని, జలవికర్షక పుచ్ఛములు లోపలికిని అమరి రెండు వరుసల పొర యేర్పడగా, అంతర్గత ప్రోటీన్లు తమ జలవికర్షక భాగములను ఆ పుచ్ఛములకు చేర్చి ఇమిడియుండును. బాహ్య ప్రోటీన్లు ఉపరితలము నంటియుండును. నీటిని దాటించు ఆక్వాపోరిన్లు అంతర్గత ప్రోటీన్లే. బెట్ట తీవ్రమైనపుడు లిపిడ్ల అమరిక చెదరి, ప్రోటీన్ల పని కుంటువడి, అయాన్లు వెలికి స్రవించును. ఆ స్రావమును విద్యుద్వాహకత ద్వారా కొలిచి, బెట్టనోర్చు రకములను పోల్చి చూతురు.

జ్ఞాపకముంచుకొనుడు: ఆక్వాపోరిన్లను కనుగొనిన పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి (రోడెరిక్ మెకిన్నన్‌తో కలిసి) లభించెను.