ఇల్లు బాగుచేసుకునే ముందు పిల్లల వైపు ఒకసారి చూద్దాం

వేసవి సెలవులు దగ్గరపడుతుంటే చాలా ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది. వంటిల్లు పెద్దది చేద్దామా, పైన ఒక గది వేద్దామా, వసారా మూసేసి పిల్లవాడికి చదువుకునే గది చేద్దామా అని. ఒకపక్క మేస్త్రీ రాసిచ్చిన లెక్క, మరోపక్క బ్యాంకు వాళ్లు అడిగిన కాగితాలు. రాత్రి భోజనాలయ్యాక భార్యాభర్తలిద్దరూ కూర్చుని కూడికలు, తీసివేతలు చేసుకుంటారు. పక్కగదిలో పిల్లలు నిద్రపోయారనుకుంటారు. చాలాసార్లు వాళ్లు మేలుకునే ఉంటారు.

పిల్లల డాక్టరుగా నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు దగ్గు గురించో, నిద్ర గురించో మొదలుపెడతారు. మాటల్లో మాటగా, "ఇంట్లో పని జరుగుతోందండీ" అంటారు. అప్పుడు నాకు సగం సంగతి అర్థమవుతుంది. ఇల్లు బాగుచేసుకోవాలనుకోవడం మంచి కోరికే. అందులో పిల్లల మీద ప్రేమ ఎంత ఉందో చెప్పక్కర్లేదు. ఆ ప్రేమను ఏ పద్ధతిలో పనిలో పెడుతున్నామన్నదే మనం కూర్చుని మాట్లాడుకోవలసింది.

ఏడేళ్ల పాపను ఒకసారి వాళ్ల నాన్న తీసుకొచ్చారు. మూడేళ్లకే మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. పరీక్షల్లో ఏ లోపమూ కనిపించలేదు. పాపకు కాగితం, రంగుపెన్సిళ్లు ఇచ్చి మీ ఇల్లు వెయ్యమ్మా అన్నాను. హాలు చిన్న డబ్బాలా వేసింది. మెట్ల కింద చోటు మాత్రం కాగితంలో సగం ఆక్రమించింది. అందులో ఒక బొమ్మ, ఒక దిండు, ఒక గిన్నె. తండ్రి ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. మెట్ల కింద బీరువా కట్టించాలని ఇంట్లో అనుకుని అప్పటికి పది రోజులైంది. ఆ చోటులో చెప్పులు, పాత పేపర్లు తప్ప ఏమీ లేవని పెద్దవాళ్ల లెక్క. పాపకు అది తన ఇల్లు. దాన్ని తీసేస్తున్నారని ఎవరూ తనతో చెప్పలేదు, అయినా తనకు తెలుసు. చివరికి బీరువా కట్టారు, కింద మూడడుగులు మాత్రం ఖాళీగా వదిలేశారు. కొద్ది వారాల్లో పక్క తడపడం తగ్గింది.

అన్ని పక్కతడుపులకూ కారణం ఇల్లేనని నేను అనడం లేదు. ఇలాంటి సమస్య వస్తే డాక్టరుకు చూపించాల్సిందే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గోడలు కదిలితే పిల్లల లోపల కూడా ఏదో కదులుతుంది. అలవాటైన వాసన, అలవాటైన చప్పుడు, చీకట్లో స్విచ్ ఎక్కడుందో చేతికి తెలిసి ఉండటం, వీటి మీదే వాళ్ల ధైర్యం నిలబడి ఉంటుంది. పని జరిగే రోజుల్లో పిల్లలు అన్నం దగ్గర మారాం చేస్తే, రాత్రి మన పక్కన పడుకుంటామంటే, మొండితనం అనుకోకండి. బెంగ అనుకోండి. పని అయ్యాక చాలామందికి అదే సర్దుకుంటుంది.

ఇక కాస్త కష్టమైన మాట. గది కట్టేటప్పుడు మనం తెలియకుండానే ఒక మాట అనేస్తాం. "ఇదంతా నీ కోసమే కదా!" చాలా ప్రేమతో అంటాం. కానీ అప్పు గురించి రాత్రుళ్లు వినిపించే గొడవ, నాన్న మొహంలో అలసట, అమ్మ గాజులు బ్యాంకులో పెట్టిన సంగతి, ఇవన్నీ విన్న పిల్లవాడికి ఆ మాట ఎలా చేరుతుంది? ఈ బరువంతా నా వల్లేనని చేరుతుంది. ఆ తరువాత గణితంలో నాలుగు మార్కులు తగ్గినా ఆ గది గోడలు తనను అడుగుతున్నట్టే ఉంటుంది. ఇల్లు మనకు కావాలి కాబట్టి కట్టుకుంటున్నాం, అప్పు మేం చూసుకుంటాం, నువ్వు తీర్చవలసింది ఏమీ లేదు అని వాళ్లకు స్పష్టంగా చెప్పాలి. పదిహేనేళ్ల వాడికైనా సరే, చెప్పాలి.

డబ్బు విషయానికే వస్తే, అనుకున్న మొత్తానికి పదో వంతైనా పక్కన పెట్టకుండా పని మొదలుపెట్టవద్దు. పాత ఇంట్లో గోడ తవ్వితే లోపలి పైపు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. చేతిలో కొంత మిగులు ఉంటే ఇంట్లో గొంతులు పెరగవు. ఆ నెమ్మది పిల్లలకు మనం ఇచ్చే పెద్ద సౌకర్యం.

ఏది ముందు చేయించాలన్నది తరువాతి ప్రశ్న. హాల్లో సీలింగు, టీవీ గోడ చుట్టాల కంట పడతాయి కాబట్టి మనసు అటే పోతుంది. అలా అనిపించడం సహజం. కానీ పిల్లల వైపు నుంచి చూస్తే వరస మారుతుంది. మొదట కారే స్లాబు, చెమ్మ పట్టే గోడ. చెమ్మ ఉన్నచోట బూజు పడుతుంది, ఆయాసం వచ్చే పిల్లలకు అది శత్రువు. చెమ్మ మూలం ఆపకుండా పైన రంగు వేస్తే ఒక వానాకాలానికే మళ్లీ పెచ్చులూడుతుంది. తరువాత కరెంటు. పాత వైరింగు మార్పించి, ఎర్తింగు సరిగా ఉందో లేదో చూపించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. తడిచేత్తో స్విచ్ ముట్టుకున్న పిల్లవాణ్ణి కాపాడేది అదే. ఆ తరువాత స్నానాల గదిలో జారని టైల్స్. ఇవన్నీ అయ్యాక మిగిలిన దానితో హాలు. గోడ తీసేసి గది పెంచాలంటే ఇంజనీరుకు చూపించాకే. పిల్లర్లు లేని పాత ఇళ్లలో తొమ్మిది అంగుళాల గోడే స్లాబును మోస్తుంటుంది. అపార్ట్‌మెంటులో పిల్లర్లు, బీముల జోలికి పోనే కూడదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఇంట్లో పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలుంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎంత మంచి ముహూర్తం ఉన్నా సరే, పెద్దలతో మాట్లాడి ఇంకో ముహూర్తం చూసుకోండి. సెలవుల్లో చేయిస్తే బడి గొడవ ఉండదు. అయితే సిమెంటు పూత వేశాక కనీసం ఏడు రోజులు నీళ్లు పట్టాలి, ఆపైన అది బాగా ఆరాలి. జూన్‌లో బడులు తెరిచేలోపు అయిపోవాలని తొందరపెడితే పచ్చిగోడ మీదే రంగు పడుతుంది. అవసరమైతే పని రెండు వేసవులకు విడదీయండి. అలా విడదీస్తే ఇంకో మేలు కూడా ఉంది. ఒక గదిని ఎవరూ ముట్టుకోకుండా ఉంచవచ్చు. పిల్లల మంచం, పుస్తకాలు, బొమ్మలు ఆ గదిలోనే, వాటి వరసలోనే ఉండాలి. ఇల్లంతా తలకిందులైనా రాత్రి పడుకునే చోటు మారకపోతే పిల్లలు చాలా తట్టుకుంటారు.

ఇప్పుడు డాక్టరుగా తప్పక చెప్పవలసిన సంగతి. పాత తలుపులు, కిటికీలు, గ్రిల్స్ మీది రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని 2016లో నిబంధన తెచ్చారు, అది 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగును ఎండుగా గోకితే ఆ పొడి నేల మీద, బొమ్మల మీద, అక్కడినుంచి పాకే పిల్లల చేతుల మీదకు, నోట్లోకి పోతుంది. సీసం ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. ధ్యాస నిలవదు, చదువు వెనకబడుతుంది, పైకి మాత్రం ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. ఇంత వరకు ఫరవాలేదు అనదగిన మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

భయపడి పని మానుకోనక్కర్లేదు. రంగువేసే వాళ్లతో ముందే మాట్లాడండి. తడిపి గోకాలి, ఎండు గరుకు కాగితం వాడకూడదు, మంటతో కాల్చి తీయకూడదు. నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, సాయంత్రం ఆ పెచ్చులన్నీ మూటగట్టి తీసేయాలి. చీపురుతో ఊడిస్తే దుమ్ము గాల్లోకి లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. ఆ రెండు మూడు రోజులూ చిన్నపిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్లను అమ్మమ్మగారింటికి పంపడం అన్నిటికన్నా మంచిది. పని ఇప్పటికే జరిగిపోయి, ఇంట్లో పాకే బిడ్డ ఉంటే డాక్టరుకు చెప్పండి. రక్తంలో సీసం ఎంతుందో పరీక్షలో తెలుస్తుంది. టైల్స్, గ్రానైట్ కోసే దుమ్ము కూడా ఊపిరితిత్తులకు చెడ్డది. కోత ఇంటి బయట, నీళ్లు పోస్తూ జరిగేలా చూడండి. అది కోసే పనివాడికీ మేలే. కొత్త ప్లైవుడ్, పాలిష్ వాసన తగ్గేదాకా కొన్ని వారాలు కిటికీలు తెరిచి ఉంచి, ఆ తరువాతే పిల్లల్ని ఆ గదిలో పడుకోబెట్టండి.

ఇంకొక్క జాగ్రత్త. పని జరిగే ఇంట్లో సంపు మూత తీసి ఉంటుంది, తొట్టెలో నీళ్లు నిండుగా ఉంటాయి, మెట్లకు ఇంకా పిట్టగోడ పడదు. నడక నేర్చిన బిడ్డకు అరడుగు నీళ్లు కూడా ప్రమాదమే. నీళ్లు తోడిన ప్రతిసారీ మూత వేయాలని మేస్త్రీకి చెప్పండి, చెప్పి ఊరుకోకుండా మీరే చూడండి. మెట్ల కమ్మీలు నిలువుగా ఉండాలి. అడ్డకమ్మీలు పిల్లలకు నిచ్చెన అవుతాయి. కమ్మీల మధ్య సందు నాలుగు అంగుళాలు దాటకూడదు.

ఇక అందరూ అడిగే ప్రశ్న. పిల్లలకు వేరే గది కావాలా? నాలుగైదేళ్ల పిల్లలకు అక్కర్లేదు. మన ఇళ్లలో పిల్లలు అమ్మ పక్కనో, నానమ్మ పక్కనో పడుకుని పెరిగారు, దానివల్ల పిరికివాళ్లు కాలేదు. పదకొండు, పన్నెండేళ్లు వచ్చాక మాత్రం తనదనుకునే చోటు కావాలి. అది గదే కానక్కర్లేదు. ఒక బల్ల, ఒక దీపం, ఎవరూ తెరవని ఒక సొరుగు చాలు. గది ఇవ్వగలిగితే, తలుపు తట్టి లోపలికి వెళ్లే అలవాటు కూడా మనం ఇవ్వాలి. అవసరమైతే బయటినుంచి తీయగలిగే గొళ్లెం పెట్టించండి. కఠినమైనా చెప్పక తప్పదు. ఏసీ, ఇంటర్నెట్టు, తలుపు ఇచ్చేసి మన సమయం ఇవ్వకపోతే ఆ గదిలో పిల్లవాడు ఒంటరివాడవుతాడు. చదువు గదివల్ల రాదు. పక్కన కూర్చుని, ఇవాళ బడిలో ఏం జరిగిందని అడిగే మనిషివల్ల చాలావరకు వస్తుంది.

ఆ గది ఎక్కడినుంచి తీస్తున్నామన్నది కూడా చూసుకుందాం. నానమ్మ గదిని పిల్లవాడి చదువుగది చేసి, ఆవిడ మంచాన్ని వసారాలో వేస్తే పిల్లలు ఆ మార్పును గమనిస్తారు. ఎదిగేవాళ్లకు చోటు, పెద్దవాళ్లకు మూల అన్న పాఠం వాళ్లకు మనమే నేర్పినవాళ్లమవుతాం. చోటు చాలకపోతే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, నానమ్మను కూడా అడిగి నిర్ణయించండి.

పనికి ఒప్పుకునే ముందు ఒక సాయంత్రం పిల్లల చేయి పట్టుకుని ఇల్లంతా తిరగండి. ఏది అలాగే ఉండాలి, ఏది మారితే బాగుంటుంది అని రెండు ప్రశ్నలు అడగండి. వాళ్లు ఎత్తు గీతలు గీసుకున్న ద్వారబంధం ఉంచమంటే ఉంచగలరేమో చూడండి. జామచెట్టు కొట్టొద్దంటే ప్లాను రెండడుగులు జరుగుతుందేమో ఇంజనీరును అడగండి. గోడ రంగు వాళ్లనే ఎంచుకోనివ్వండి, మీకు నచ్చకపోయినా సరే. కుదరనిది కుదరదని కారణంతో సహా చెప్పండి. అడిగినవన్నీ ఇవ్వలేదని పిల్లలు మనల్ని తప్పుపట్టరు. అడగకుండా తీసేసినవాటినే చాలాకాలం గుర్తుంచుకుంటారు.

ఇల్లు పూర్తయ్యేసరికి కొంత ఖర్చు పెరుగుతుంది, కొంత ఆలస్యమవుతుంది, ఒకటి రెండు పనులు అనుకున్నట్టు రావు. అది అందరిళ్లలోనూ ఉన్నదే, దానికి కుంగిపోకండి. మేస్త్రీ లెక్కలో పిల్లల వరస ఉండదు. దాన్ని రాయవలసింది మనమే, సంతకం పెట్టకముందే.