హార్డ్ డిస్క్ పెట్టగానే రీస్టార్ట్!

ప్రశ్న: మా డెస్క్‌టాప్ మామూలుగా బాగానే పనిచేస్తుంది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టగానే రీస్టార్ట్ అవుతోంది. కారణమేమిటి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ డిస్క్‌ని మళ్లీ మళ్లీ పెట్టి చూడటం ఆపండి. రాస్తుండగా కరెంటు తెగితే అందులోని ఫైళ్లు పాడవుతాయి. పరీక్షకు ఏమీ లేని పెన్‌డ్రైవ్ వాడండి.

దాన్ని క్యాబినెట్ వెనక పోర్టులో పెట్టండి. ముందు పోర్టులో పెడితేనే రీస్టార్ట్ అవుతుంటే లోపం ఆ పోర్టులోనో, దాని వైరులోనో ఉంటుంది. టార్చి వేసి చూడండి. లోపలి పిన్నులు వంగి ఒకదానికొకటి తగిలితే షార్ట్ అవుతుంది. ఆ పోర్టు ఇక వాడొద్దు.

పెన్‌డ్రైవ్‌తో ఇబ్బంది లేకుండా హార్డ్ డిస్క్‌కే ఇలా జరిగితే, కేబుల్ మార్చి చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్ల వరకు ఇవ్వాలి. పాతబడిన ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై) ఆ అదనపు భారం మోయలేకపోవచ్చు. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ ద్వారా పెడితే సమస్య పోయిందంటే అనుమానం బలపడినట్టే.

విండోస్‌లో 'ఆటోమేటిక్ రీస్టార్ట్' ఆపేసి చూడండి. నీలితెర వస్తే అందులోని కోడ్ రాసుకోండి; డ్రైవర్ లోపం కావచ్చు. నీలితెర లేకుండా ఆరిపోతే ఎస్ఎంపీఎస్ మార్పించండి. దాన్ని మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జ్ నిలిచి ఉంటుంది.