మునివ్రేళ్ల చూపు

ఇంద్రియము లన్నింటిలోను నయనమే ప్రధానమని పెద్దలు చెప్పుదురు. లోకములోని రంగులను, రూపములను, దూరమును, దగ్గఱను మనకు ఎఱుకపఱచునది కన్నే. అందుచేతనే చూపు లేనివారిని చూచి జనులు జాలి పడుదురు. ఆ జాలితో పాటు, "దేవుడు కన్ను తీసికొని చెవికి రెట్టింపు శక్తి నిచ్చినాడు" అని కూడ అనుచుందురు. ఈ మాటలో కొంత నిజమును, కొంత పొరపాటును కలవు. నిజమేదో, పొరపాటేదో తెలిసికొనుట వలన మనకొక గొప్ప ప్రయోజనము కలుగును. అది ఎట్టిదో వినుడు.

మనము చూచుట కంటితో ప్రారంభ మగునే కాని కంటితో ముగియదు. కన్ను వెలుతురును గ్రహించి, ఆ వార్తను నాడుల ద్వారమున మెదడునకు పంపును. తల వెనుక భాగమును అరచేతితో తడవి చూడుడు. అచటి ఎముకకు లోపల, మెదడు వెనుక కొనయందు, ఆ వార్తను అందుకొను ప్రదేశ మున్నది. దానిని దృష్టికేంద్ర మందురు. గీతలను, అంచులను, కదలికలను విడదీసి రూపమును గుర్తించు పని అచట మొదలగును. కన్ను జాబు తెచ్చువాడు. ఆ జాబును చదువునది మెదడు.

మఱి పుట్టుకతోనే చూపు లేనివాని యందు ఈ దృష్టికేంద్రము ఏమగును? జాబులు రాని తపాలా కచేరి వలె తలుపులు మూసికొని యుండునా? ఉండదు. ఈ సంగతి తేటపడుటకు తోడ్పడినది ఒక అంధబాలుడు కల్పించిన లిపి.

ఫ్రాన్సు దేశమున పారిసు నగరమునకు తూర్పున కూప్‌వ్రే అను గ్రామము కలదు. అచట 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన లూయీ బ్రెయిలీ జన్మించెను. అతని తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల ప్రాయమున ఆ బాలుడు తండ్రి పనిముట్లతో ఆడుకొనుచు, తోలునకు తూట్లు పొడుచు ఆరెతో కన్ను పొడుచుకొనెను. ఆ గాయపు దోషము రెండవ కంటికిని ప్రాకెను. అయిదవ యేటికి రెండు కన్నులును పోయినవి.

బ్రెయిలీ తన పదవ యేట, 1819లో, పారిసులోని అంధబాలుర పాఠశాలలో చేరెను. అచట పుస్తకములు లేకపోలేదు. కాని వానిలో చూపుగలవారు చదువు అక్షరములనే పెద్దవిగా, ఉబ్బెత్తుగా అచ్చొత్తి యుండిరి. ఒక్కొక్క అక్షరమును చుట్టును తడవి గ్రహించుటకే చాల సేపు పట్టుచుండెను. ఆ పద్ధతిలో విద్యార్థి తాను వ్రాసికొనుట మిక్కిలి కష్టము. షార్ల్ బార్బియే అను సైనికోద్యోగి ఉబ్బెత్తు చుక్కలతో ఒక లిపిని కల్పించి ఆ పాఠశాలకు తెచ్చెను. అందు ఒక్కొక్క గుర్తునకు పండ్రెండు చుక్కల వఱకు ఉండుటచే అది వ్రేలికొన క్రింద ఇముడదయ్యెను. బ్రెయిలీ ఆ చుక్కలను ఆఱింటికి తగ్గించెను. నిలువుగా మూడేసి చుక్కలు గల రెండు వరుసలు, అంతే. ఆ ఆఱింటిలో కొన్ని లేచియు, కొన్ని లేవకయు ఉండుటచే 63 గుర్తు లేర్పడును. పదునైదేండ్ల ప్రాయమున, 1824 నాటికి, అతడు ఈ పద్ధతిని కుదుర్చుకొనెను. 1829లో దానిని పుస్తకముగా ప్రకటించెను. 1852లో అతడు మరణించిన రెండేండ్లకు ఫ్రాన్సు దేశము దానిని అధికారికముగ అంగీకరించినది. మన దేశమున తెలుగు మొదలగు భాషలకు ఉపయోగించు భారతి బ్రెయిలీ 1951లో ఏర్పడినది.

ఇక మెదడు సంగతి చూతము. మెదడులో పని అధికమైన చోటికి నెత్తురు అధికముగా పాఱును. 1996లో శాస్త్రజ్ఞులు, చిన్ననాడే చూపు పోయినవారు బ్రెయిలీ చదువుచుండగా వారి మెదడును యంత్రముతో పరిశీలించిరి. స్పర్శకు సంబంధించిన భాగములే కాక, తల వెనుక నున్న దృష్టికేంద్రము కూడ చురుకుగా పని చేయుచుండుట వారికి కనబడెను. చూపుగలవారు వ్రేలితో చుక్కలను తడవినప్పుడు అచట అట్టి చురుకుదనము కనబడలేదు.

ఆ ప్రదేశము నిజముగా చదువుటకు సాయపడుచున్నదా, లేక వట్టినే మేల్కొనుచున్నదా అను సందేహము మిగిలెను. 1997లో వెలువడిన పరిశోధన ఈ సందేహమును తీర్చినది. తలకు వెలుపలి నుండి అయస్కాంత శక్తిని క్షణకాలము ప్రయోగించి, దృష్టికేంద్రపు పనికి అంతరాయము కలిగించిరి. వెంటనే ఆ అంధులు చదువుటలో తడబడిరి. ఉన్న చుక్కలు లేనట్లును, లేని చుక్కలు ఉన్నట్లును వారికి తోచెను.

2000 సంవత్సరమున వైద్యులు మఱింత విచిత్రమైన ఉదంతమును ప్రకటించిరి. ఒక స్త్రీ పుట్టంధురాలు. బ్రెయిలీ చదువుటలో ఆరితేరినది. మెదడు వెనుక భాగమున రెండు ప్రక్కలను నెత్తురు ప్రసరణ నిలిచిపోయి, ఆ ప్రదేశము దెబ్బతినెను. ఆమె వ్రేళ్లకు స్పర్శ పోలేదు. వస్తువులను తడవి పోల్చుకొనగలిగెను. చుక్కలు వ్రేలికి తగులుచునే యున్నవి. కాని చదువుట మాత్రము చేతకాలేదు. ఆమె చదువు వ్రేలికొనయందు గాక, తల వెనుక నిలిచి యుండెనన్న మాట.

చెవి విషయమును ఇట్టిదే. అంధులలో కొందఱు నాలుకతో చిటుకు మని చప్పుడు చేసి, ఎదుట నున్న గోడనో చెట్టునో తాకి మఱలి వచ్చు ప్రతిధ్వనిని బట్టి దాని దూరమును గ్రహించుచు నడువగలరు. అందు మిక్కిలి నేర్పు గల యిద్దఱిని పరీక్షింపగా, ఆ ప్రతిధ్వనులను వినునపుడు వారి దృష్టికేంద్రము పని చేయుచుండెనని 2011లో తెలియవచ్చెను.

కావున చెవికి గాని వ్రేలికి గాని క్రొత్త శక్తి ఆకాశము నుండి దిగి రాలేదు. మాఱినది మెదడు. కాలువ నీరు అందని మడిని తెలివిగల రైతు బీడు పెట్టడు. జొన్నయో కందియో చల్లును. మెదడును అట్లే చేయును. అయితే విత్తు చల్లనిదే ఏ పొలమును పండదు. అంధునికి అక్షరము నేర్పి, దినదినము సాధన చేయించినగాని ఆ పంట చేతికి రాదు.

సేద్యమునకు వలెనే దీనికిని అదను కలదు. ఈ మాఱ్పు పసితనమున జరిగినంత గాఢముగా పెద్దతనమున జరుగదు. అట్లని పెద్దవారు నిరాశ చెందనక్కఱలేదు. చూపుగల పెద్దలకు అయిదు దినములు గంతలు కట్టి బ్రెయిలీ నేర్పగా, ఆ స్వల్పకాలముననే వారి దృష్టికేంద్రము స్పర్శకు స్పందింపసాగెను. గంతలు విప్పిన మఱునాటికే ఆ స్పందన పోయెను. ఈ ఫలితము 2008లో ప్రకటింపబడినది.

చూచుట నేర్చుటకును అదను కలదు. హ్యూబెల్, వీసెల్ అను శాస్త్రజ్ఞులు పసి పిల్లికూనల ఒక కంటిని కొన్నాళ్లు మూసి యుంచి తెఱవగా, కన్ను చక్కగానే యున్నను మెదడు దాని వార్తలను సరిగా అందుకొనలేదు. వారు 1981లో నోబెల్ బహుమానము నందిరి. మన దేశమున పవన్ సిన్హా అను శాస్త్రవేత్తయు, అతని సహచరులును, పుట్టుకనుండి చూపు లేక, ఎనిమిది మొదలు పదునేడేండ్ల ప్రాయమున చికిత్స పొందిన పిల్లలను పరీక్షించి, 2011లో ఫలితములను ప్రకటించిరి. కట్టు విప్పిన క్రొత్తలో ఆ పిల్లలు చేతితో తడవిన వస్తువు ఏదో కంటితో చూచి చెప్పలేకపోయిరి. కొలది దినములలోనే ఆ నేర్పు వారికి అలవడ నారంభించెను. ఆలస్యముగానైనను చికిత్స వ్యర్థము కాదు. కాని ముందుగా చేయించిన చికిత్సకు సాటి రాదు.

బాలబాలికలారా! మీ యింటనో, మీ వీధిలోనో ఒక పసిబిడ్డ కంటిపాప తెల్లగా కనబడినచో, "పెద్దయిన పిదప చూతములే" అను మాటను సాగనీయకుడు. వెంటనే కంటివైద్యునికి చూపింపుడని పెద్దలకు చెప్పుడు. వైద్యమునకు లొంగని అంధత్వమైనచో, ఆ బిడ్డను జాలితో మూల కూర్చుండబెట్టనీయకుడు. జాలి వలన మడి బీడగును. విద్య వలన పండును. ఆ బిడ్డ చేతికి చుక్కల అక్షరములు అందవలెను. అవియును అదను దాటక మునుపే అందవలెను.

ప్రశ్నలు

1. చూచుటలో కన్ను చేయు పని యేది? మెదడు చేయు పని యేది?
2. బార్బియే లిపిని బ్రెయిలీ ఎట్లు మార్చెను? ఆ మాఱ్పు వలన కలిగిన మేలేమి?
3. "మాఱినది మెదడు" అను మాటను రెండు నిదర్శనములతో సమర్థింపుడు.
4. చూపు లేని బిడ్డ విషయమున కాలయాపన ఏల తగదు?