మెదడు కంతి – చర్మము చెప్పు సాక్ష్యము

మెదడులో కంతి లేచిన రోగికి రోగ నిరోధక శక్తి ఎంత మిగిలియున్నదో తెలిసికొనుటకు వైద్యులు ఒకప్పుడు అతని చేతి చర్మమును పరీక్షించెడివారు. పుఱ్ఱెలోని వ్యాధికిని చేతి చర్మమునకును సంబంధమేమని విద్యార్థులు అడుగవచ్చును. సమంజసమైన ప్రశ్నయే.

క్షయ విషయమున మన ఆసుపత్రులలో చేయు మాంటూ పరీక్షను పలువురెరుగుదురు. ముంజేతి చర్మములోనికి ట్యుబర్క్యులిన్ ఎక్కించి, 48 నుండి 72 గంటల పిమ్మట అచ్చట గట్టిపడిన వాపును కొలుతురు. ఈ వాపును కలిగించునవి రక్తములోని ప్రతిదేహములు కావు, లింఫోసైటులను కణములు. 1942లో లాండ్‌స్టయినర్, ఛేజ్ అను శాస్త్రజ్ఞులు రసాయన ద్రవ్యములపై కలుగు ఇట్టి ఆలస్య ప్రతిక్రియను ఒక గినీ పంది నుండి మరియొకదానికి కణముల ద్వారా మార్చి చూపిరి.

అయితే మాంటూ పరీక్ష పాత జ్ఞాపకమును మాత్రమే తడవి చూచును. దేహము క్రొత్త శత్రువును గుర్తించుట నేర్వగలదా? ఇది తెలియవలెనన్న, నిత్యజీవితమున ఎవరికిని తగులని పదార్థము కావలెను. డైనైట్రోక్లోరోబెంజీను, పొడి అక్షరములలో డి.ఎన్.సి.బి., అట్టిది. (రసాయన ప్రయోగశాలలో దీనిని ఒట్టి చేతులతో తాకరాదు, కారణము ఇదియే.) దీనిని ఎసిటోనులో కరగించి 2000 మైక్రోగ్రాములు చర్మముపై చిన్న వలయములో పూయుదురు. అది చర్మపు ప్రోటీనులతో కలిసి దేహమునకు పరాయి వస్తువుగా తోచును. రెండు వారములైన పిమ్మట 50 మైక్రోగ్రాములు మాత్రమే పూసి, 48 గంటలకు చూతురు. ఆ చోటు ఎఱ్ఱబడి గట్టిపడినచో దేహమునకు పాఠము వచ్చినట్లే. ఆరోగ్యవంతులలో నూటికి 90 మందికి పైగా ఈ పాఠము వచ్చును.

1972లో అమెరికాలో బ్రూక్స్, అతని సహచరులు మెదడులోనే పుట్టిన కంతులు గల రోగులలో కణగత నిరోధక శక్తి క్షీణించియున్నదనియు, వారి సీరములో లింఫోసైటులను అణచు అంశమొకటి కలదనియు ప్రకటించిరి. ఈ కంతులు మెదడును దాటి ఇతర అవయవములకు ప్రాకుట మిక్కిలి అరుదు. అయినను నిరోధక శక్తి దేహమంతటను కుంటువడుచున్నది!

ఇచ్చట ఒక చిక్కున్నది. మెదడు వాపును తగ్గించుటకు 1961 నుండి వాడుకలోనికి వచ్చిన డెక్సామెథాసోను తానే లింఫోసైటులను అణచివేయును. వార్ధక్యము సైతము ప్రతిక్రియను తగ్గించును. కావున రోగి వయస్సెంత, ఏ మందు పుచ్చుకొన్నాడు అను వివరములు లేని ఫలితమును నమ్మి, తప్పంతయు కంతిదే యనుట తొందరపాటు. పైగా సూక్ష్మజీవులపై చేసిన ఏమ్స్ పరీక్షలో డి.ఎన్.సి.బి. జన్యువులను మార్చగలదని తేలినందున దాని వాడుక సన్నగిల్లినది.

చిక్కును విడదీసిన పరిశోధన 2018లో డ్యూక్ విశ్వవిద్యాలయము నుండి వెలువడినది. ఏ చికిత్సయు ఇంకను పొందని గ్లియోబ్లాస్టోమా రోగుల రక్తములో సైతము టి-కణములు తగ్గియుండగా, ఎముకల మజ్జలో అవి గుమికూడి కనబడెను. మజ్జ నుండి వెలికి వచ్చుటకు దారిచూపు ఎస్1పి1 అను గ్రాహకము ఆ కణముల ఉపరితలమునుండి లోనికి పోయినది. అట్లు చిక్కుకొన్నవానిలో ముఖ్యమైనవి ఇంకను ఏ శత్రువును ఎదుర్కొనని కణములు. అనగా డి.ఎన్.సి.బి. వంటి క్రొత్త పాఠమును నేర్వవలసినవి అవియే! ఎలుకలలో ఆ గ్రాహకమును ఉపరితలముననే నిలుపగా, అంతకుముందు పనిచేయని నిరోధక చికిత్సలు పనిచేసినవి.