మిద్దెకు చౌడు, డ్రైవ్‌వేకు పూత

మొన్న ఆదివారం న్యూజెర్సీ ఎడిసన్ నుంచి మా పిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, ఇల్లు కొన్నప్పుడు డ్రైవ్‌వే కాటుక మాదిరి నల్లగా ఉండె. ఇప్పుడు బూడిద రంగుకొచ్చింది. చీలికల్లో గడ్డి మొలుస్తాంది. పక్కింటోళ్లు ఏందో పూత పూయిస్తాన్నారు. మేమూ పూయించాల్నా?" అని అడిగింది. ఆ పొద్దు దానికి చెప్పిందే మీకూ చెబుతా. మీలోనూ అమెరికాలో కొత్తగా ఇల్లు కొన్న చెల్లెళ్లు ఎందరో ఉంటారు.

మాది బ్రహ్మంగారిమఠం. మా పక్క వాకిలంటే బండలే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దిక్కు నుంచి తెచ్చిన కడప బండలు ఒకసారి పరిస్తే మనుమలు పుట్టేదాకా వాటి ఊసే ఎత్తం. పొద్దున్నే నీళ్లు చల్లి ముగ్గేస్తే సరి. అందుకే ఇంటి ముందు నేలకూ ఒక పోషణ ఉంటుందని మనకు తోచదు. కానీ మట్టిమిద్దెను ఎట్లా కాపాడుకోవాలో మన పెద్దోళ్లకు బాగా తెలుసు.

వైశాఖ శుద్ధ దశమికి మఠంలో బ్రహ్మంగారి ఆరాధన జరుగుతుంది కదా. అది ముగిసి, వచ్చిన చుట్టాలు ఊళ్లకు పోయినాక, మా ఇంట్లో మొదటి పని మిద్దెకు చౌడు వేయడం. నాయన ఊరి బయట చౌడునేల నుంచి ఎద్దులబండిలో మట్టి తోలించేవాడు. మేం నిచ్చెన కింద నిలబడి గంపలు అందించేవాళ్లం. అవ్వ పైన కూర్చుని ముందు పాత మట్టిలో మొలిచిన గడ్డిని వేళ్లతో సహా పీకేది. చీలికలు పూడ్చేది. ఆ తర్వాతే కొత్త చౌడు, అదీ పలచగా. మందంగా వేస్తే దూలాల మీద బరువు పడుతుందని కోప్పడేది. చౌడుమట్టిలో సోడియం ఉంటుంది. తొలి వాన పడగానే ఆ బంకమట్టి రేణువులు విడిపోయి, సందులన్నీ మూసుకుపోయి, నీళ్లు కిందికి దిగవు. మృగశిర కార్తె లోపల ఈ పనంతా కావాల. వాన మొదలైనాక మిద్దె ఎక్కితే బురదే మిగులుతుంది.

డ్రైవ్‌వేకు పూత పూయడం కూడా అచ్చం ఇదే పని.

తారు నేలలో నూటికి తొంభై నాలుగైదు పాళ్లు కంకర, ఇసుకే. వాటిని పట్టి ఉంచేది మిగిలిన ఐదారు పాళ్ల జిగురు. ఎండా గాలీ తగిలి తగిలి ఆ జిగురు గట్టిపడి పెళుసవుతుంది. నలుపు పోయి బూడిద రంగు రావడం దానికి గుర్తు. పెళుసైన చోట సన్న చీలిక. చీలికలోకి నీళ్లు. న్యూజెర్సీ లాంటి చోట చలికాలంలో ఆ నీళ్లు గడ్డకట్టి తొమ్మిది శాతం ఉబ్బుతాయి, మళ్లీ కరుగుతాయి, మళ్లీ గడ్డకడతాయి. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. అక్కడ ఆ పగలగొట్టే పని మంచు చేస్తుంది. కారు నుంచి కారే ఆయిలూ పెట్రోలూ ఆ జిగురును కరిగించేస్తాయి. పూత ఈ మూడింటికీ అడ్డం. అయితే కుంగిపోయిన నేలను, పెద్ద గుంతలను అది బాగుచేయదు. (టెక్సాస్ పక్క ఉన్న చెల్లెళ్లకు ఈ బాధ తక్కువ. అక్కడ ఎక్కువ ఇళ్లకు కాంక్రీటే.)

ఎప్పుడు పూయాలంటే, కొత్తగా వేసిన తారును తొందరపడి ముట్టుకోవద్దు. లోపలి నూనెలు ఆరి గట్టిపడాలి, కనీసం మూడు నెలలు. నన్నడిగితే ఒక చలికాలం దాటనిచ్చి చూడమంటాను. ఆ తర్వాత రెండు మూడేళ్లకొకసారి చాలు. ముచ్చటపడి ఏటా పూస్తే పొర మీద పొర చేరి పెచ్చులు లేస్తుంది. పూసే రోజు పగలూ రాత్రీ వేడి 50 ఫారెన్‌హీట్, అంటే మన 10 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. పూసినాక కనీసం ఒక పగలూ రాత్రీ వాన పడకూడదు. న్యూజెర్సీలో అయితే మే నడుమ నుంచి సెప్టెంబరు నడుమ దాకా. ఆకులు రాలే దాకా ఆగినవాళ్ల పూత సరిగా ఆరక, మంచు తోసే పారకే లేచిపోతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం నా మాట జాగ్రత్తగా వినండి. మన భాషలో రోడ్డుకు వేసే నల్లటిదంతా తారే. కానీ అంగట్లో రెండు వేరు వేరు సరుకులున్నాయి. ఒకటి ముడిచమురు నుంచి వచ్చే ఆస్ఫాల్ట్ పూత. ఇంకొకటి బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి కోక్ చేసేటప్పుడు దిగే కోల్ తార్‌తో చేసిన పూత. రెండోదాంట్లో పీఏహెచ్ అనే రసాయనాలుంటాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ తెచ్చేవి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ, యూఎస్‌జీఎస్, కొలిచి చూస్తే ఆస్ఫాల్ట్ పూత కంటే కోల్ తార్ పూతలో అవి దాదాపు వెయ్యి రెట్లు ఉన్నాయి. పూత అరిగి దుమ్మై, చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. వానకు కొట్టుకుపోయి వాగుల్లో చేరుతుంది. టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరం 2006లోనే దాన్ని నిషేధించింది. వాషింగ్టన్ రాష్ట్రం 2011లో చట్టం చేసింది. మిన్నెసోటాలో 2014 నుంచి నిషేధం. నేల మీద పాకే పిల్లలున్న ఇల్లైతే మరీ జాగ్రత్త. బకెట్ మీద అక్షరాలు చదవండి. పనివాళ్లను పిలిస్తే ముందు ఆ ప్రశ్నే అడగండి. కోల్ తార్ అయితే ఎంత చవకైనా వద్దు.

ఎట్లా పూయాలన్నది అవ్వ చేసిన వరసే. గడ్డి వేళ్లతో పీకి, ఊడ్చి, నీళ్లతో బాగా కడిగి ఆరనివ్వండి. ఆయిల్ మరకలను సబ్బునీళ్లతో రుద్ది, పోనిచోట ప్రైమర్ రాయండి. లేకుంటే అక్కడ పూత పట్టదు. అరంగుళం లోపు చీలికలకు క్రాక్ ఫిల్లర్ పోసి పూర్తిగా ఆరనివ్వాలి. సగం పని, నిజం చెప్పాలంటే సగానికంటే ఎక్కువ పని ఇదే. ఇది వదిలేసి పైన నలుపు పూస్తే మురికి మొహానికి పౌడర్ రాసినట్టే.

గ్యారేజీ తలుపు అంచుకు, కాంక్రీటు అంచులకు టేపు అంటించండి. ఐదు గ్యాలన్ల బకెట్ ఒక పూతకు సుమారు 350 చదరపు అడుగులకు వస్తుంది, గరుకు నేల అయితే ఇంకా తక్కువకు. ఇరవై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవైతే రెండు పూతలకు ఐదు బకెట్లు తెచ్చుకోండి. అడుగున పేరుకున్నదంతా కలిసేదాకా కలపాలి. ముందు బ్రష్షుతో అంచులు. ఆ తర్వాత గ్యారేజీ దగ్గర మొదలుపెట్టి వీధి వైపు వెనక్కి నడుస్తూ, రబ్బరు పట్టీ ఉన్న స్క్వీజీతో అడ్డంగా లాగుతూ పోవాలి. మొదటి పూత ఆరినాక రెండోది నిలువుగా. పలచగా రెండు పూతలు. మందంగా ఒకటి ఎప్పుడూ వద్దు. ఒకటి రెండు రోజులు కారు వీధిలోనే ఉండనివ్వండి, చెట్టునీడ పడే చోట ఇంకో రోజు.

నా సంగతి ఒకటి చెబుతా. ఇల్లు కొన్న రెండో ఏడు ఒక లారీ మా ఇంటి ముందు ఆగింది. "పక్క వీధిలో పని చేశాం, సరుకు మిగిలింది, సగం ధరకే పూస్తాం" అన్నారు. ఊడవలేదు, కడగలేదు, చీలికలు చూడలేదు. గంటలో పూసేసి, డబ్బు చేతబట్టుకుని పోయినారు. మూడో వానకు ఆ నలుపంతా గడ్డిలోకి కారింది. మళ్లీ వాళ్లు కనబడలేదు. మిగిలిన సరుకని తలుపు తట్టేవాళ్లను గుమ్మంలోంచే పంపించేయండి. పేరూ చిరునామా రాసిన కాగితం, వాడే సరుకు పేరు, ఎన్ని పూతలన్నదీ రాతలో ఇచ్చేవాళ్లకే పని ఇవ్వండి.

మీ డ్రైవ్‌వేకు ఈ ఏడు పూత కావాలో వద్దో తెలుసుకోవడం సులువే. ఎండగా ఉన్న రోజు చెంబెడు నీళ్లు తీసుకుపోయి నేల మీద పోయండి. నీళ్లు ముత్యాల్లా నిలిస్తే ఇంకో ఏడు ఆగండి. ఇంకి నేల నల్లబడితే ఈ వేసవిలోనే పని పెట్టుకోండి, సెప్టెంబరు నడుమ దాటనివ్వొద్దు.